రెండు తిట్లు, ఒకటే దెబ్బ

నన్ను రెండు తిట్లు తిట్టిండ్రు. ఊరోళ్లు 'మాదిగోడా' అన్నరు. వాడోళ్లు 'కొజ్జోడా' అన్నరు. మొదటి తిట్టును మేము తిట్టుగా ఉండనియ్యలేదు. 1994లో ఈదుముడిలో దండోరా మొదలైనంక మా అన్నలు ఆ తిట్టునే ఎత్తుకొని పేరు చివర కుట్టుకున్నరు. పెండ్లి పత్రికల మీద అచ్చేసుకున్నరు. నేను గూడ సంఘం రిజిస్టర్ల నా పేరు పక్కన 'మాదిగ' అని రాసుకున్న. చెయ్యి వణకలేదు. రెండో తిట్టు మాత్రం ముప్పై ఏండ్లు నోట్ల ముద్ద లెక్క పెట్టుకొని తిరిగిన. మింగలేదు, ఉమ్మలేదు. ఇయ్యాల ఉమ్ముతున్న.

మాది కీసర. రామలింగేశ్వరుని గుట్ట కింద ఊరు. ఇప్పుడు అవుటర్ రింగు రోడ్డు పడ్డది, ప్లాట్లు పడ్డయి, ఈసీఐఎల్ చౌరస్తా దాక ఇండ్లే ఇండ్లు. నా చిన్నప్పుడు చేన్లు, తుమ్మలు, రాళ్లు. శివరాత్రి జాతరకు బండ్లు కట్టుకొని వచ్చేటోళ్లు. గుట్ట మీద ఎటు చూసినా లింగాలే. దానికో కథ చెప్తరు. రాముడు కాశీ నుంచి లింగం తెమ్మని హనుమంతుణ్ణి పంపిండట. ఆయన తెచ్చేటాలకు ముహూర్తం దాటిపోతుందని ఇంకో లింగాన్ని ప్రతిష్ఠ చేసిండ్రట. హనుమంతునికి కోపమొచ్చి తెచ్చిన నూటొక్క లింగాలను గుట్ట మీద విసిరి పారేసిండట. గర్భగుడిల చోటు దొరకని ఆ లింగాలకే జనం నూనె పోస్తరు, పసుపు పూస్తరు. మా నాయన ఈ కథ చెప్పి, "మనం గూడ గంతే బిడ్డా, బయటి లింగాలం" అని నవ్వేటోడు. నేను బయటి లింగాలల్ల గూడ బయటోణ్ణని ఆయనకు తెల్వది.

మా చిన్నాయనకు తెలుసు. ఆయన శివసత్తు. బోనాలప్పుడు చీర కట్టేటోడు, ముఖం నిండ పసుపు, నొసట రూపాయంత బొట్టు, కాళ్లకు గజ్జెలు. మా నాయన డప్పు కొడ్తుంటే చిన్నాయన ఆడేటోడు. పూనకమొస్తే ఊరి పెద్దింటి ఆడోళ్లు గూడ వాడ దాక వచ్చి ఆయన కాళ్ల మీద నీళ్లు పోసేటోళ్లు. "తల్లీ, నా కోడలికి కడుపు పండుతదా" అని అడిగేటోళ్లు. అప్పుడు అంటు లేదు, ముట్టు లేదు. మాదిగోని కాళ్లు, మొగోనికి చీర, రెండూ దేవతే.

పూనకం దిగినంక? తెల్లారి అదే చిన్నాయన కల్లు కాంపౌండు కాడ కూసుంటే పోరగాండ్లు ఈలలేసేటోళ్లు. ఓసారి బోనాలైన నాలుగో దినం పొద్దున చింతచెట్టు కింద పడి ఉన్నడు. ముందటి పండ్లు రెండు లేవు. ఎవరు కొట్టిండ్రో అందరికీ ఎరుకే. కొట్టినోళ్లల్ల ఊరోళ్లున్నరు, వాడోళ్లున్నరు. నేను చూసిన మొదటి ఊరు-వాడ ఐక్యత అదే. మా నాయన ఆయనను ఎత్తుకొచ్చి అరుగు మీద పండబెట్టిండు. పోలీసు కేసు పెడదామని ఒక్కరూ అనలేదు. మూడేండ్లకు చిన్నాయన టీబీతో పోయిండు. ఆడే కాళ్లను మొక్కుతరు, బతికే మనిషిని తంతరు. మన సంప్రదాయం మాలాంటోళ్లను ఆదరించిందని పట్నం సభలల్ల మాట్లాడే పెద్దమనుషులకు ఆ రెండు పండ్లు చూపెడదామనిపిస్తది.

డిగ్రీకి పట్నం పోయిన. సర్కారు హాస్టల్ల ఉన్న. 1998 డిసెంబరుల 'ఫైర్' సినిమా మీద దాడులైనయి. ఇద్దరాడోళ్లు ఒకర్నొకరు ప్రేమించుకున్నరని చూపించినందుకు శివసేనోళ్లు ముంబయిల థియేటర్ల అద్దాలు పగలగొట్టిండ్రు, ఢిల్లీల గూడ గంతే. హాస్టల్ల పేపరు చుట్టూ పదిమంది కూసున్నం. అందరం అంబేద్కర్ ఫొటో కిందనే కూసున్నం. ఒకడన్నడు, "ఈ ఒక్క విషయంల శివసేనోళ్లు కరెక్టే." అందరూ నవ్విండ్రు. నేను గూడ నవ్విన. అందరికన్న గట్టిగ నవ్విన. భయమున్నోడే గట్టిగ నవ్వుతడు.

2002లో నాకు పెండ్లి చేసిండ్రు. ఇది నా నేరం, దీన్ని దాచిపెట్టి మిగతాది రాస్తే ఈ కాగితం చెల్లదు. మా అమ్మ ఏడ్చింది, మేనమామలు తిట్టిండ్రు, సర్కారు బడిల పంతులుద్యోగం వచ్చినోడు పెండ్లెందుకొద్దంటున్నడని వాడంత గుసగుసలాడింది. నేను ఒప్పుకున్న. ఒక మాదిగ పిల్లను, కూలి చేసి తల్లిదండ్రులు పెంచిన పిల్లను, తెచ్చి నా భయానికి గోడగా నిలబెట్టిన. రెండేండ్లు ఓర్సుకున్నది. పోయే దినం సద్ది కట్టుకుంట ఒకటే మాటన్నది, "నువ్వు చెడ్డోనివి గాదు. కని నీ సిగ్గు నా నెత్తిన ఎందుకు పెట్టినవు?" ఆమెకు నేను బాకీ ఉన్న. మాలాంటోళ్లు బయటపడొద్దనేటోళ్లంత ఒక్కసారి ఆమె మొఖం చూడాలె. మమ్ముల దాచిపెట్టనీకి మీరు వాడేది ఆడపిల్లల బతుకులనే.

ఇక అసలు సంగతికి వస్త.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పు చెప్పింది. ఇంగ్లీషోడు 1860లో రాసిన సెక్షన్ అది. ఇష్టపడ్డ ఇద్దరు పెద్దోళ్ల మధ్య ప్రేమ నేరం గాదన్నది కోర్టు. ఆ తీర్పుల అంబేద్కర్ చెప్పిన రాజ్యాంగ నైతికత మాట మళ్ల మళ్ల వస్తది. గుంపు నీతి వేరు, రాజ్యాంగ నీతి వేరు. అది చదివి నేను స్టాఫ్ రూముల ఒక్కణ్ణే కూసొని ఏడ్చిన.

సరిగ్గ ఎనిమిది దినాలకు, సెప్టెంబరు 14న, మిర్యాలగూడల ప్రణయ్‌ను చంపిండ్రు. దళిత క్రైస్తవ పిల్లగాడు. కడుపుతోటున్న భార్యతో దవాఖాన నుంచి బయటికొస్తుంటే ఎనుక నుంచి నరికిండ్రు. పిల్ల తండ్రి సుపారీ ఇచ్చి చంపించిండు. 2025 మార్చిల నల్లగొండ కోర్టు ఒకనికి ఉరి, ఆర్గురికి యావజ్జీవం వేసింది.

ఆ సెప్టెంబరుల మేం సంఘం తరఫున కొవ్వొత్తులు పట్టుకొని నడిచినం. "ప్రేమించే హక్కు మాది" అని నేనే నినాదం రాసిన. అందరూ అరిచిండ్రు.

ఆ తర్వాత కొన్నాళ్లకు మా వాడ పిల్లగాడొకడు, డిగ్రీ చదివేటోడు, పట్నంల జరిగిన స్వాభిమాన యాత్రకు పోయిండు. హైదరాబాదుల మొదటి ప్రైడ్ నడక 2013 ఫిబ్రవరిల జరిగింది. తర్వాత దానికి క్వియర్ స్వాభిమాన యాత్ర అని పేరొచ్చింది. స్వాభిమానం! మన మాటే. వాడు చెంప మీద ఏడు రంగులు పూసుకొని, చేతిల నీలి జెండా పట్టుకొని దిగిన ఫొటో ఎవని ఫోన్లనో పడ్డది. రెండు దినాలల్ల వాడంత తిరిగింది. మూడో దినం రాత్రి చెరువు కట్ట మీద వాన్ని పట్టుకున్నరు. జుట్టు కత్తిరించిండ్రు. కుడి మణికట్టు ఇరిగింది. "మన జెండాను గలీజు చేసినవు" అనుకుంట కొట్టిండ్రట. కొట్టినోళ్లు ప్రణయ్ కోసం నాతోటి కొవ్వొత్తి పట్టుకొని నడిచిన పిల్లగాండ్లే.

సంఘం పంచాయితి పెట్టింది. అంబేద్కర్ విగ్రహం కాడ కూసున్నం. నేను పెద్దమనిషిని. ఒక పెద్దాయన పిల్లగాన్ని అడిగిండు, "నువ్వు చీకట్ల కట్ట మీదికి ఎందుకు పోయినవురా?"

అన్నలారా, తమ్ములారా, ఈ ప్రశ్న మనకు కొత్తదా? కారంచేడుల 1985లో, చుండూరుల 1991లో మనల్ని నరికినంక గూడ ఊరోళ్లు గిదే అడిగిండ్రు. వాళ్లు ఎందుకెదురు మాట్లాడిండ్రు? ఆ పిల్లగాడు సినిమా హాల్ల కాలెందుకు చాపిండు? తన్నులు తిన్నోడే సంజాయిషీ చెప్పాలె. అది దొరల న్యాయం. ఆ దినం మా విగ్రహం కింద అదే న్యాయం నడిచింది.

నన్ను మాట్లాడమన్నరు. పిల్లగాడు నా దిక్కు చూసిండు. వానికి నా సంగతి ఎరుకేనని ఆ చూపుల తెలిసింది. నేనేమన్ననో ఉన్నదున్నట్టు రాస్తున్న: "రెండు దిక్కులా తప్పున్నది. ఇంతటితోటి ఇడిసిపెట్టుండ్రి. మందుల ఖర్చు ఇచ్చేయుండ్రి." గంతే. ఇరిగిన మణికట్టుకు రేటు కట్టిన. వాడు లేచి పోయిండు. ఇప్పుడు ఊళ్లె లేడు, దూరం పట్నంల బతుకుతుండు. నేనింక ఇక్కడ్నే ఉన్న, పెద్దమనిషిగనే.

ఈ దెబ్బ లోకమంతటా ఉన్నది. బెల్‌గ్రేడ్‌ల 2001లో మొదటి ప్రైడ్‌కు వచ్చినోళ్లను గుంపులు నెత్తురొచ్చేటట్టు కొట్టినయి. జెరూసలేంల 2005 నడకల ముగ్గుర్ని పొడిచినోడు జైలుకు పోయి, బయటికొచ్చిన కొద్ది దినాలకే 2015 నడకల మళ్ల కత్తి తీసిండు. ఆర్గుర్ని పొడిచిండు. పదహారేండ్ల షీరా బాంకి అనే పిల్ల చచ్చిపోయింది. ఆమె తోడుగ నడవనీకి వచ్చిన పిల్ల. తిబిలిసిల 2021 జూలైల గుంపు వీధులల్ల పడి యాభై మందికి పైగ విలేకర్లను కొట్టింది, నడకే ఆగిపోయింది. అక్కడ నడకను కొడ్తరు. మన దగ్గర నడకను పోలీసోల్ల నడుమ నడవనిస్తరు, నడిచి ఇంటికొచ్చినోన్ని చెరువు కట్ట మీద కొడ్తరు. పేపర్లకెక్కదు. లెక్కలకు రాదు.

నడిచినందుకు కొట్టుడు మన చరిత్రల లేదా? 1927 మార్చి 20న బాబాసాహెబ్ వెంట వేలమంది మహాడ్‌ల చవదార్ చెరువు దాక నడిచిండ్రు. దోసిట్ల నీళ్లు తీసుకొని తాగిండ్రు. తాగి, తిరిగి పోయేటోళ్ల మీద లాఠీలు పడ్డయి. ఎందుకు? వీళ్లు వీరేశ్వరుని గుళ్లెకు గూడ చొరబడ్తరట అని ఒక పుకారు లేపిండ్రు. బతుకుకు హక్కుందని నడిచినోని మీద మొదలు పుకారు పడ్తది, తర్వాత కట్టె పడ్తది.

పుకారుకు చట్టమే పుట్టిన చోటు మన హైదరాబాదు. 1871 నేరస్థ జాతుల చట్టంల ఒక భాగం సంచార జాతుల కోసం రాసిండ్రు, రెండో భాగం హిజ్రాల కోసం రాసిండ్రు. ఆ వరస చట్టాలే తర్వాత మన ఎరుకలోళ్లను పుట్టుక దొంగలన్నయి. దాని అచ్చునే నిజాం రాజ్యంల 1329 ఫస్లీల, అంటే 1919లో, నపుంసకుల చట్టం తెచ్చిండ్రు. పిల్లల్ని ఎత్తుకపోతరన్న అనుమానమున్న హిజ్రాల పేర్లు రిజిస్టర్ల రాయాలె. ఆడోళ్ల బట్టలు కట్టి వీధిల కనబడితే, ఆడితే పాడితే, వారంటు లేకుండ పట్టుకోవచ్చు. రెండేండ్ల దాక జైలు. నిజాం పోయిండు, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. చట్టం మాత్రం పేరు మార్చుకుంట 2023 దాక బతికే ఉండె.

2018 మే నెలల చాంద్రాయణగుట్టల ఒక ట్రాన్స్ మహిళను గుంపు కొట్టి చంపింది. పాలమూరు దిక్కు నుంచి రంజాన్ నెలల అడుక్కుందామని వచ్చిన మనిషి. పిల్లల్ని ఎత్తుకపోయేటోళ్లు తిరుగుతున్నరని ఫోన్లల్ల పుకారు. నూరేండ్ల కింద చట్టంల రాసిన మాటనే నూరేండ్లకు ఫోన్ల తిరిగి మనిషిని చంపింది. వైజయంతి వసంత మొగ్లి ఆ చట్టం మీద హైకోర్టుకు పోయింది. 2023 జూలైల తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆసరా పింఛన్ ఇయ్యాలన్నది, చదువుల, కొలువుల రిజర్వేషన్ ఇయ్యాలన్నది. 2024 డిసెంబరుల హైదరాబాదు ట్రాఫిక్ డ్యూటీకి 39 మంది ట్రాన్స్ మనుషులను తీసుకున్నరు. చౌరస్తాల నిలబడి చెయ్యి ఎత్తితే బండ్లు ఆగుతున్నయి. సంతోషం. కని 39 చేతులు సరిపోవు. హిజ్రాలల్ల ఎక్కువమంది ఏ వాడల నుంచి తరిమేస్తే వచ్చిండ్రో ఒక్కసారి అడుగుండ్రి.

సంఘం అన్నలు నాకు మూడు మాటలు చెప్తరు. మూడింటికీ జవాబు చెప్త.

ఒకటి, ఇది ఫారిన్ సంస్కృతి. అన్నా, మా చిన్నాయన ఏ ఫారిన్ పోయిండు? ఫారిన్ నుంచి వచ్చింది 377 సెక్షన్. ఇంక ఒక సంగతి వినుండ్రి. 1934లో బొంబాయిల ఆర్.డి. కర్వే అనేటాయన తన 'సమాజ్ స్వాస్థ్య' పత్రికల పాఠకులడిగిన లైంగిక ప్రశ్నలకు జవాబులిచ్చిండు. స్వలింగ ప్రేమ మాట గూడ అందుల ఉండె. అశ్లీలమని కేసు పెట్టిండ్రు. ఆయన తరఫున కోర్టుల నిలబడ్డ వకీలు ఎవరో తెలుసా? డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్. ఆ కేసు ఓడిపోయిండ్రు, కర్వేకు జుర్మానా పడ్డది. కని బాబాసాహెబ్ ఆ కాగితాన్ని గలీజు అనలేదు. చేతిల పట్టుకొని వాదించిండు. మరి నీలి జెండా గలీజైందని చెయ్యి విరిచిన తమ్మీ, నీ అంబేద్కర్ ఎవరు?

రెండు, ఇది పైసలున్నోళ్ల లొల్లి. ఈ మాటల సగం నిజమున్నది. 2015లో ముంబయిల ఒక తల్లి తన కొడుక్కు వరుడు కావాలని పేపర్ల ప్రకటన ఇచ్చింది. ఎంత గొప్ప తల్లి అని చదువుతుంటే చివర 'అయ్యర్లైతే మంచిది' అని ఉన్నది. మొగోనికి మొగోణ్ణి ఒప్పుకున్నది, కులం మాత్రం తప్పనియ్యలేదు! ప్రైడ్ నడిపే అగ్రకులపోళ్లకు చెప్తున్న: మీ రంగుల జెండా మీద కులం మరక ఉతకకుండ మమ్ముల దాని కిందికి పిలవకుండ్రి. నా ఫోన్ల పరిచయమైన ఒకడు ఊరు అడిగిండు, ఇంటి పేరు అడిగిండు, తర్వాత మాట్లాడుడే బంద్ చేసిండు. 2015లో ఢిల్లీ ప్రైడ్‌ల మన దళిత క్వియర్ పిల్లలు తమ కులం గట్టిగ చెప్పుకొని నడిచిండ్రు. ఆ ధైర్యం వాళ్లది. కని అన్నా, పైసలున్నోడు బయటపడితే ఫ్లాటు కొనుక్కొని ఉంటడు. పైసల్లేనోడు బయటపడితే మణికట్టు విరుగుతది. ఇది పైసలున్నోళ్ల లొల్లి అని వాళ్లకే ఇడిసిపెట్టేది మీరే.

మూడు, ముందు కులం పోవాలె, తర్వాత ఇవన్ని చూద్దాం. కులం దేని మీద నిలబడ్డది? 1916లో కొలంబియాల చదివిన వ్యాసంల బాబాసాహెబ్ తేల్చి చెప్పిండు, సొంత కులంలనే పెండ్లి చేసుకునుడే కులానికి ప్రాణమని. ఎవరు ఎవర్ని చేసుకోవాలె, ఎవరు ఎవరి కడుపున పుట్టాలె, ఇది కాపలా కాసుడే కులం పని. అందుకే ప్రణయ్‌ను నరికిండ్రు. అందుకే నాకు పెండ్లి చేసిండ్రు. అందుకే పిల్లగాని జుట్టు కత్తిరించిండ్రు. పెండ్లి పీటకు కాపలా కాసుకుంట కులాన్ని నిర్మూలిస్తమనేటోడు చెట్టుకు నీళ్లు పోసుకుంట నరుకుతున్ననని చెప్పేటోడు. 2023 అక్టోబరుల సుప్రీంకోర్టు మాలాంటోళ్ల పెండ్లికి చట్టం లేదన్నది. కోర్టుతోటి కొట్లాట వేరే. మన వాడల మనిషిగ ఉండనీకి ఏ కోర్టు కాగితం కావాలె?

ఈ రాతతో నాకేమైతదో ఎరుకే. బడిల పిల్లల తల్లిదండ్రులు ఏమంటరో, మా అమ్మ ఎన్ని దినాలు మాట్లాడదో ఎరుకే. కని మాదిగ అని రాసుకున్ననాడు గూడ ఇట్లనే చెప్పిండ్రు, ఎందుకు బయటపడుడు, ఉద్యోగమొచ్చింది గదా, దాచుకుంటే కిరాయిళ్లు దొరుకుతది గదా అని. దాచుకోలేదు. ఒక్క తిట్టును గెలిచి రెండోదానికి తలవంచితే అది సగం స్వాభిమానం. సగం స్వాభిమానం అనేది ఉండదు.

తమ్మీ, నువ్వు యాడున్నా ఇది చదువు. ఆ దినం రెండు దిక్కులా తప్పున్నదన్న. అది అబద్ధం. తప్పు ఒకటే దిక్కున్నది, ఆ దిక్కున నేను గూడ కూసున్న. సంఘం రిజిస్టర్ల పంచాయితి రాసిన పేజీ ఉన్నది, దాని కింద నా దస్తఖత్ ఉన్నది. వచ్చే మీటింగుల ఆ పేజీ తీపిస్త. నీ మణికట్టు ఎవరు విరిచిండ్రో పేర్లతోటి రాపిస్త. ఒప్పుకోకుంటే ఆ రిజిస్టర్ల నా పేరు నేనే కొట్టేస్త.

ఏప్రిల్ 14న మన ఊరేగింపు వాడ నుంచి ఊళ్లెకు పోతది. నువ్వు రా. చెంప మీద ఏ రంగులు పూసుకుంటవో పూసుకో, నీలి జెండా చేతిల పట్టుకో. వరసల చివరికి కాదు, ముందటికి రా. మా నాయన డప్పు ఇంక ఇంట్ల గోడకే ఉన్నది. ఎండల కాపి, నీ పక్కపొంటి నేనే కొడ్త. ఎవడన్న 'కొజ్జోడా' అంటే ఇద్దరం తిరిగి చూద్దాం.

జై భీమ్.